మడత వెనక మనిషి

వైరాలో వెంకటప్పయ్య రేకుల షాపులో జంపయ్యను 'వెనకోడు' అనేవాళ్ళు. అది తిట్టు కాదు, పొగడ్తా కాదు. అతను చేసే పని పేరు. మడత మిషను ముందు నిలబడి రేకును లోపలికి తోసేది తోమాసు. ఆ రేకు రెండో కొస ఎక్కడ ఆగాలో అక్కడ రెండు ఇనప దిమ్మెలు నిలబెట్టి, ఒంటి బరువంతా వాటి మీద మోపి కాచుకునేది జంపయ్య.

అది చేత్తో నడిచే మిషను. పై దవడ దించి రేకును బిగించి, కింది పలకను ఇద్దరు మనుషులు పైకెత్తితే రేకు మడుచుకుంటుంది. మోటారు లేదు, మోత లేదు. దిమ్మె ఎంత లోపల ఉంటే మడత అంత లోపల పడుతుంది. దిమ్మె వెంట్రుకవాసి జరిగిందా, పెట్టెకు మూత కూర్చోదు.

ట్రంకుపెట్టెలైతే పెద్ద విద్యేమీ అక్కర్లేదు. రెండు దిమ్మెలూ సమానంగా పెడితే చాలు. కష్టమంతా రైసు మిల్లుల చూట్లతోనే. వడ్లు పైనుంచి కిందికి జారే ఆ తొట్టికి ఒక కొస గోడ ఎత్తుగా, ఇంకో కొస పొట్టిగా ఉండాలి. అంటే మడత గీత ఏటవాలుగా పోవాలి. ఎడమ దిమ్మె లోపలికీ, కుడి దిమ్మె బయటికీ పెట్టాలి. ఒక అంచు మడిచాక రెండోది మడవబోతే మొదటిది వచ్చి దిమ్మెకు తగులుతుంది, అప్పుడు దిమ్మె కింద చెక్క పెట్టి ఎత్తు మార్చాలి. మూలకు గాటు కోసి ఉంటే దిమ్మెను పక్కకు జరపాలి. పైగా మిల్లుకో వాలు. ఏ రెండు మిల్లుల చూట్లూ ఒక్కలాగ ఉండవు.

ముందున్న తోమాసుకు వెనకున్న జంపయ్య కనిపించడు. వాళ్ళ మధ్య మాటలన్నీ రేకు మీదుగానే. తోమాసు వేలి కణుపుతో రేకు మీద కొడితే దిమ్మె ముందుకు రావాలి, అరచేత్తో తడితే వెనక్కు పోవాలి. ఎంత గట్టిగా కొడితే అంత జరగాలి. గోటితో గీకితే చాలు, అక్కడే నిలుపు అని. ఆ దెబ్బ జంపయ్యకు చెవిలో కంటే ముందు అరచేతిలో తెలిసేది. తోమాసు మడత అని మిల్లుల వాళ్ళు మెచ్చుకునే మడతలో సగం ఆ అరచేతిది. ఆ సంగతి షాపులో అందరికీ తెలుసు, బయట ఎవరికీ తెలియదు.

జంపయ్యది దుమ్ముగూడెం అవతల గోదావరి ఒడ్డు ఊరు. ఎనభై ఆరు వరదకు గుడిసె పోయింది, గుడిసె కింద నేల కూడా కోసుకుపోయింది. భార్య ముత్తమ్మను వెంటబెట్టుకుని మిరపకాయ ఏరడానికి వైరా వైపు వచ్చాడు. ఏరుడు అయిపోయాక షాపులో రేకులు మోసే కూలికి చేరాడు. అప్పట్లో దిమ్మెలు పట్టే మనిషి ఒకరోజు రాకపోతే, తోమాసు ఇతన్ని పిలిచి నిలబెట్టాడు. సాయంత్రానికి, "వీన్ని ఇక మోతకు పంపకు" అని యజమానితో చెప్పాడు. అంతే. అప్పటినుంచి జంపయ్య కూలివాడు కాదు. అతనికొక చోటు ఉంది, ఆ చోట ఇంకొకడు నిలబడితే పని చెడిపోతుంది. ముత్తమ్మ ఎవరైనా అడిగితే, "మా ఆయన మిషను కాడ ఉంటడు" అనేది. ఎటువైపో చెప్పేది కాదు.

తొంభై మూడు దాటాక మిల్లులు పెరిగాయి. మందపాటి రేకుతో చూట్లు కావాలన్నారు. చేతి మిషను ఆ మందానికి మూలిగింది. పలక పైకెత్తే వాళ్ళ నడుములు పోతున్నాయి, మడత మధ్యలో విప్పారి బుంగలాగా ఉబ్బుతున్నది. వెంకటప్పయ్య ఆలోచించాడు. ఆయన తండ్రి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి వైరా కాలువ కింద భూమి కొన్న కుటుంబం. వ్యవసాయం మీద కంటే వ్యాపారం మీద ఆయనకు గురి ఎక్కువ. పైనుంచి కత్తి దిగి రేకును నొక్కి మడిచే ప్రెస్ బ్రేకు అనే మిషను హైదరాబాదులో దొరుకుతుందని తెలుసుకున్నాడు.

"పోయి చూసొద్దాం. తోమాసూ, నువ్వు ముందు పని చూడు. జంపయ్యా, నువ్వూ రా. వెనక పని నీకు తెలిసినట్టు నాకేం తెలుస్తుంది?" అన్నాడు.

జంపయ్య ఆ రోజు నేల మీద నడవలేదు. తీరా బస్సెక్కాక, పక్కన కూర్చున్న తోమాసు ఆ మిషను సంగతి చెప్పడం మొదలుపెట్టాక కాళ్ళు నేలకు దిగాయి.

"మడతకు మూడు సంగతులడగాలె," అన్నాడు తోమాసు. "పై కత్తి ఎంత లోతుకు దిగాలె, రేకు ఎనక ఎక్కడ ఆగాలె, ఆపేటిది ఎంత ఎత్తుల ఉండాలె. ఒక్కో కదలికకు ఒక యాక్సిస్ అంటరు. గింత చిన్న మిషనైతే కత్తి దిగుడు, ఎనక కమ్మీ ముందుకీ ఎనక్కీ పోవుడు, గంతే. పెద్దదాంట్ల ఎనక రెండు వేళ్ళుంటయంట. ఏ వేలికావేలు వేరే పోతది. పైకి లేస్తది, పక్కకు జరుగుతది. మీటలు నొక్కుడే."

జంపయ్య రెండు అరచేతులూ ఒళ్ళో తెరిచి చూసుకున్నాడు.

"అంటే ఎనక నేను చేసేదే గద అన్నా."

"అవ్."

"మరి నేను?"

"పొయ్యేదాక పొయ్యి చూద్దాం తియ్. ముందుగాల పని చూడాలె. మనిషి సంగతి తర్వాత."

తోమాసు తీరు అంతే. ఆదివారం చర్చిలో తప్ప ఎక్కడా చేతులు కట్టుకు నిలబడని మనిషి. వాడు మంచోడా చెడ్డోడా అని ఎవరి గురించీ అడగడు, వాడి పని ఎట్లుంది అని అడుగుతాడు. ఆ గుణం వల్లే జంపయ్య మోత నుంచి మిషను దగ్గరకు వచ్చాడు. ఆ గుణమే ఇప్పుడు తనను బయటికి తోస్తుందని బస్సు కుదుపుల్లో అతనికి అర్థమైంది.

హైదరాబాదులో మిషన్లు అమ్మే షెడ్డులో రెండు నిలబెట్టి ఉన్నాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. తోమాసు మాటలు పెట్టుకోలేదు. వెంట తెచ్చిన పొడుగు రేకును చిన్న మిషనులో మడిపించి, రెండు కొసల దగ్గరా మధ్యలోనూ మూలమట్టం పెట్టి చూశాడు. మధ్యలో మడత కాస్త విప్పారింది. పెద్ద మిషనులో బల్లకే మధ్యలో కాస్త పొట్ట తెచ్చే ఏర్పాటు ఉంది, అది సరిచేసి మడిస్తే కొస నుంచి కొస దాకా ఒక్కలాగే వచ్చింది. చిన్నదాంట్లో కూడా బల్ల కింద పలుచని పట్టీలు పెట్టి సరిచేయించుకోవచ్చని తోమాసు తేల్చాడు. కత్తికి రెండు వైపులా ఉన్న సిలిండర్లు ఒకేసారి దిగుతున్నాయా, కరెంటు తగ్గితే ఏమవుతుంది అని అడిగాడు. వైరాలో ఎండాకాలం కరెంటు ఎట్లా ఉంటుందో మిషన్లు చూపిస్తున్న కంపెనీ ఇంజనీరుకు చెబితే అతను నవ్వాడు.

తర్వాత అందరూ వెనక్కు నడిచారు. చిన్నదాని వెనక ఒకటే కమ్మీ, అడ్డంగా. పెద్దదాని వెనక రెండు ఉక్కు వేళ్ళు. ఇంజనీరు వాళ్ళ చూటు కొలతలు అడిగి మీటలు నొక్కాడు. ఎడమ వేలు లోపలికి పోయింది. కుడిది బయటికి వచ్చి ఆగింది. మొదటి అంచు మడవగానే రెండూ కాస్త పైకి లేచాయి. గాటు దగ్గర ఒకటి పక్కకు తప్పుకుంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ తట్టలేదు. జంపయ్య వెళ్ళి ఒక వేలి మీద చెయ్యి వేశాడు. బరువు మోపి నొక్కాడు. అది కదల్లేదు. తనైతే సాయంత్రమయ్యేసరికి కదిలేవాడు.

"మీది టేపర్ పని సార్, ఏటవాలు మడతలు," అన్నాడు ఇంజనీరు. "చిన్నది తీసుకోకండి. దాని కంట్రోలుకు తర్వాత యాక్సిస్‌లు కలపడానికి వీలు లేదు. ఇప్పుడే ఆలోచించుకోండి."

వెంకటప్పయ్య ఇద్దరినీ పక్కకు పిలిచాడు.

"అమ్మేవాడు ఖరీదైన పెద్దదే కొనమంటాడు. గేదెలు అమ్మేవాడు ఒట్టిపోయిన దాన్ని కూడా పొదుగు చూడమంటాడు. వాడి మాట కాదు నాక్కావాల్సింది. జంపయ్యా, నువ్వు చెప్పు. వెనక ఆ వేళ్ళు లేకపోతే మన చూట్లు అవ్వవా? చిన్నదాంతో నెట్టుకురాలేమా?"

షాపులో చేరినప్పటినుంచి పనిని గురించి జంపయ్యను ఎవరూ ఏదీ అడగలేదు. తట్టేవాళ్ళు, అతను జరిపేవాడు. ఇప్పుడు యజమాని అడిగి, జవాబు కోసం మొహంలోకి చూస్తున్నాడు.

మందపాటి రేకు, అంత జోరుగా దిగే కత్తి, మనిషి చేతిలో దిమ్మెలు, ఇవి పొసగవని జంపయ్యకు తెలుసు. పెద్దదే కావాలని తెలుసు. ఆ ఉక్కు వేళ్ళను చూసిన క్షణంలోనే తెలుసు.

"చిన్నది చాలు అయ్యా," అన్నాడు. "కమ్మీ ముందల నా దిమ్మెలు పెట్టుకుంట. ఎట్ల కావాలంటె గట్ల జరుపుత. గా వేళ్ళు చేసేది నా చేతులు చెయ్యవా?"

"నిజమేనా?"

"అవ్ అయ్యా."

"తోమాసూ, నువ్వేమంటావు?"

తోమాసు జంపయ్య వైపు చూశాడు. చూసి, చేతిలోని మూలమట్టాన్ని జేబుగుడ్డతో తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది.

"ఎనక సంగతి వానికే ఎరుక. వాని మాటే నా మాట."

ఆ మధ్యాహ్నం హోటల్లో వెంకటప్పయ్య ఇద్దరినీ తన బల్ల దగ్గరే కూర్చోబెట్టి భోజనం పెట్టించాడు. జంపయ్యకు రెండోసారి పప్పు వేయమని తనే సర్వరును కేకేశాడు. వైరా వచ్చాక మిల్లుల వాళ్ళతో, "నన్ను అమ్మేవాడి మాయలో పడనివ్వలేదండీ. మా జంపయ్య వెనక్కి పోయి చూసి, ఇది చాలన్నాడు," అని చెప్పుకున్నాడు. ఒక మిల్లాయన షాపుకు వచ్చి, "ఈయనేనా జంపయ్య?" అని అడిగి మరీ చూసిపోయాడు. ఆయన 'ఈయన' అన్నాడు. ముత్తమ్మకు ఆ మాట చెప్పినప్పుడు ఆమె మిరపకాయల ఘాటుకు తుమ్ముతూ, "ఇన్నేండ్లకు కండ్లు తెరిచిన్రా?" అంది. అన్నం మాత్రం సహించలేదు అతనికి.

చిన్న మిషను వచ్చింది. బిగించడానికి వచ్చిన మెకానిక్ వెనకవైపు ఇనప జాలీ బిగించి, ఇటు మనిషి రాకూడదన్నాడు. అతను బస్సెక్కగానే జంపయ్య ఆ జాలీ విప్పి గోడకు ఆనించాడు.

మొదట ట్రంకుపెట్టెలు పెట్టారు. కమ్మీ తనంతట తను వచ్చి ఆగింది, రేకు తగిలింది, కత్తి దిగింది. పొద్దంతా చేసే పెట్టెల పని టీ వేళకు అయిపోయింది. షాపులో అందరూ ఈలలు వేశారు. జంపయ్య వెనక చేతులు ఖాళీగా నిలబడ్డాడు.

"వెనకోడా, నీకు ఇగ ఇస్రకర్రే! మంచిగ గాలి ఇసురు!" అని ఎవడో అరిచాడు.

"చూట్లు రానియ్ బిడ్డా, అప్పుడు చెప్త," అన్నాడు జంపయ్య.

చూట్లు వచ్చాయి. దిమ్మెలు కమ్మీ ముందు పెట్టుకుని, మోకాలు నేలకు ఆనించి, చేతులు రేకు మీద వేసి కాచుకున్నాడు. తోమాసు మిషను స్విచ్చి వేశాడు. లోపల నూనె పంపు హోరున తిరగసాగింది.

రేకు లోపలికి వచ్చి దిమ్మెకు తగిలింది. జంపయ్య తట్టు కోసం చూశాడు. అరచేతుల కింద రేకంతా సన్నగా వణుకుతున్నది. పంపు మోత బల్లలోకి ఎక్కి, బల్లలోంచి రేకులోకి ఎక్కింది. ఆ వణుకులో తోమాసు కణుపు దెబ్బ ఏదో, మిషను దెబ్బ ఏదో తెలియలేదు. తట్టాడనుకుని జరిపాడు. తట్టలేదు. తట్టినప్పుడు జరపలేదు. కత్తి దిగింది.

హైదరాబాదు షెడ్డులో కూడా పంపు ఇట్లాగే మోగింది. కానీ అక్కడ ఎవరూ ఎవరినీ తట్టలేదు. కళ్ళతోనే చూశాడు కాని, చేతులతో వినాల్సి వస్తుందని అతనికి తట్టలేదు. తోమాసుకూ తట్టలేదు. ఇన్నేళ్ళుగా అంత సులువుగా నడిచిన మాట, రేకు ఉంటే చాలు ఎక్కడైనా నడుస్తుందనుకున్నారు ఇద్దరూ.

కేకలు వేసి చూశారు. "ముందుకు" అంటే ఎంత ముందుకు? తట్టులో ఉన్న కొలత కేకలో లేదు. చేతికి తాడు కట్టుకుని లాగి చూశారు, తాడు సాగింది. తోమాసు టేకు చెక్కతో వాలు ముక్కలు కోసి కమ్మీకి బిగించాడు. ఒక మిల్లుకు సరిపోయినవి ఇంకోదానికి సరిపోలేదు, మందపాటి రేకు అంచు తగిలి తగిలి చెక్క నొక్కులు పడింది. మడిచిన అంచు కమ్మీకి తగిలి వంగిపోతే, దాన్ని ఎత్తే దారి లేదు. చూటుకు చూటు సుత్తితో సరిచేయాల్సి వచ్చింది. సుత్తి దెబ్బల రేకును చూసి తోమాసు మొహం తిప్పుకునేవాడు. పాడైన పనిని చూడలేని మనిషి, రోజూ తన చేతి పాడు పనినే చూడాల్సి వచ్చింది.

మిల్లుల్లో బిగించిన చోట కీళ్ళు కలవలేదు. వడ్లు సందుల్లోంచి కారాయి. మిల్లుల వాళ్ళు మొదట ఫోన్లు చేశారు, తర్వాత వచ్చి తిట్టారు, తర్వాత మాట్లాడకుండా ఖమ్మంలో ఇంకో షాపుకు పోయారు. ఆ షాపాయన రెండు వేళ్ళ మిషను కొన్నాడు.

వెంకటప్పయ్య హైదరాబాదు కంపెనీకి మనిషిని పంపాడు, వెనక వేళ్ళు కలపమని. ఆ కంట్రోలుకు కలవవని ముందే చెప్పాం కదా అన్నారు వాళ్ళు.

ఇక షాపులో మిగిలింది ట్రంకుపెట్టెలు. వాటికి కమ్మీ చాలు, వెనక మనిషి అక్కర్లేదు. జంపయ్య అవసరమైన పని చూట్ల పని ఒక్కటే. అదే పోయింది.

షాపు వెనక నీళ్ళ డ్రమ్ము దగ్గర తోమాసు చేతులు కడుక్కుంటూ అన్నాడు, అతని వైపు చూడకుండానే.

"పెద్దదొస్తే రెండు షిఫ్టులు నడపాలనుకున్న. రెండో షిఫ్టుకు నిన్ను ముందల నిలబెడదామనుకున్న."

"గప్పుడు చెప్పకపోతివి."

"నువ్వు అడగకపోతివి."

"బస్సుల అడిగిన గద అన్నా. నేనేం కావాల్నని అడిగిన."

తోమాసు నీళ్ళు విదిలించుకున్నాడు.

"ఇప్పుడు అనుడు సుళువే," అన్నాడు జంపయ్య. "షెడ్డుల నా మొఖం చూస్తివి. అబద్ధమాడుతున్ననని నీకు ఎర్కనే. అన్నవా?"

"నిన్ను ఇడిసిపెట్టబుద్ధి కాలే," అన్నాడు తోమాసు. ఆ మాట అతని నోటికి అలవాటు లేనిది. అనేసి, కోపం వచ్చినట్టు లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే వెంకటప్పయ్య జంపయ్యను పిలిచాడు. షాపులో అందరూ ఉన్నారు. తోమాసు మిషను ముందు ఉన్నాడు. స్విచ్చి ఆపి ఉంది.

"నాదే తప్పురా," అన్నాడు వెంకటప్పయ్య. గట్టిగా కూడా అనలేదు. "చదువుకున్నోడు చెబితే వినకుండా నిన్ను అడిగాను చూడు, నాది. అడవిలోంచి వచ్చినోడివి. దిమ్మె పట్టుకోమంటే పట్టుకున్నావు. మిషను సంగతి నీకేం తెలుస్తుంది?"

జంపయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. నాకు తెలుసు. ఆ వేళ్ళను చూసిన క్షణంలోనే తెలుసు. మీ ఇంజనీరు కంటే ముందు తెలుసు. తెలిసే చెప్పాను. ఈ మాటలు నోటిదాకా వచ్చాయి. అంటే అబద్ధాలకోరు అవుతాడు, పరవాలేదు, పనిమంతుడిగా మిగులుతాడు. కానీ వెంటనే యజమాని అడిగే రెండో మాట ఏమిటో కూడా తెలుసు. 'మరి తోమాసు నీ మాటే నా మాట అన్నాడేం?'

తోమాసు తల ఎత్తలేదు. కత్తి అంచు మీద వేలు పెట్టి రాస్తున్నాడు. అతని సంపాదన మీద ఇంట్లో ఆరుగురు బతుకుతున్నారు, వయసు యాభై దాటింది.

"చిన్నది చాలన్నావా లేదా? తెలుసా నీకు?" అన్నాడు వెంకటప్పయ్య.

"తెల్వదు అయ్యా," అన్నాడు జంపయ్య. "నాకేం తెల్వదు."

తోమాసు స్విచ్చి వేశాడు. పంపు మోతలో తర్వాతి మాటలు ఎవరికీ వినబడలేదు, పెద్దగా అనాల్సిన మాటలూ లేవు.

షాపు వదిలాక జంపయ్య కొన్నాళ్ళు మిరపకాయల బస్తాలు మోశాడు. తర్వాత ఖమ్మంలో ఆ రెండు వేళ్ళ మిషను షాపుకు వెళ్ళాడు. అక్కడ మీటలు నొక్కేవాళ్ళున్నారు గాని, మిల్లు వాలు చూసి ఏ వేలు ఎంత లోపలికి పోవాలో చెప్పే మనిషి లేడని విన్నాడు. తన చేతులు ఇన్నేళ్ళు చేసింది ఆ లెక్కే. గేటు దగ్గర షాపాయనే కనిపించాడు. ఏ ఊరు, ఇంతకుముందు ఎక్కడ చేశావు అని అడిగాడు.

"వైరల చేసిన అయ్యా. చూట్ల పని. ఎనక..."

షాపాయన నవ్వాడు. చెడ్డవాడేమీ కాదు, టీ తాగుతూ ఉన్నాడు, ఇతనికీ ఒకటి పొయ్యమని చెప్పాడు.

"వెంకటప్పయ్యకు చిన్న మిషను కొనిపించింది నువ్వేనా? ఏం తెల్వదని నువ్వే ఒప్పుకున్నవంట కద! రేకులు మోసే పనుంటే చెప్త, పొయ్యి ఆ షెడ్డు కాడ కూసో."

జంపయ్య టీ తాగాడు. ఖాళీ గ్లాసు గోడ మీద పెట్టి, షెడ్డు వైపు నడిచాడు.